విపుల్ ఆపరేషన్ వెనకున్న మనిషి

ఒకటే గడ్డ. ఒకటే పేరున్న ఆపరేషన్. అయినా దాన్ని జపాన్‌లో ఒకలా, అమెరికాలో మరోలా, ఐరోపాలో ఇంకోలా చేస్తూ వచ్చారు. పైత్యనాళం చివర, క్లోమగ్రంథి తల దగ్గర వచ్చే అరుదైన గడ్డలకు తొలి దారి చూపినవారిలో ముఖ్యుడు డాక్టర్ ఆలెన్ ఓల్డ్‌ఫాదర్ విపుల్. ఆయన జీవితాన్ని తెలుసుకుంటే ఈ తేడాలు ఎందుకొచ్చాయో, వాటిలో మనకు పనికొచ్చేదేమిటో కూడా తెలుస్తుంది.

పెద్ద ఆసుపత్రుల్లో ఉదరకోశ సర్జన్ల గది బయట కూర్చునే కుటుంబాలకు ఈ పేరు కొత్తది కాదు. ఇంట్లో పెద్దాయనకు కామెర్లు ఎంతకీ తగ్గవు. స్కాన్ తీయిస్తే పైత్యనాళం చివర గడ్డ ఉందని తేలుతుంది. విపుల్ చేయాలని డాక్టరు చెబుతారు. ఆ మాట వినగానే అదెవరో ఉత్తరాది డాక్టరు పేరనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. నిజానికి ఆయన అమెరికన్. పుట్టింది మాత్రం అమెరికాలో కాదు, నేటి ఇరాన్‌లో!

ముందు గడ్డ ఎక్కడొస్తుందో చూద్దాం

కాలేయంలో పైత్యరసం తయారవుతుంది. చిన్నచిన్న వాగులు కలిసి ఏరైనట్టు, కాలేయం లోపలి సన్నటి నాళాలన్నీ కలిసి కుడి, ఎడమ నాళాలవుతాయి. ఆ రెండూ కాలేయ ముఖద్వారం దగ్గర ఒకటవుతాయి. అక్కడి నుంచి ప్రధాన నాళం కిందికి దిగి, క్లోమగ్రంథి తల గుండా సాగి, చిన్నపేగు మొదట్లోకి తెరుచుకుంటుంది. దారిలోనే పిత్తాశయం, అంటే గాల్‌బ్లాడర్ దానికి కలుస్తుంది. ఈ నాళంలో పైన, మధ్యలో, కింద ఎక్కడైనా గడ్డ రావచ్చు. పైన వస్తే కాలేయంలో కొంత భాగాన్ని కోయాలి. కింద వస్తే విపుల్ ఆపరేషన్ చేయాలి.

నాళం మూసుకుపోతే పైత్యరసం పేగులోకి దిగదు. వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు, ఒళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. మలం రంగు పోయి తెల్లమట్టిలా అవుతుంది. ఒళ్లంతా దురద. వీటన్నింటికంటే పెద్ద చిక్కు ఒకటుంది. పైత్యరసం అందకపోతే పేగు విటమిన్-కె ని గ్రహించలేదు. అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. అందుకే ఒకప్పుడు కామెర్ల రోగి కడుపు కోయడమంటే సర్జన్లకు వణుకు. రక్తస్రావం ఆగేది కాదు. విపుల్ జీవితమంతా ఈ చిక్కు చుట్టూ తిరిగింది.

ఉర్మియా నుంచి న్యూయార్క్‌కు

విపుల్ 1881 సెప్టెంబరు 2న పర్షియా వాయవ్య ప్రాంతంలోని ఉర్మియాలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు. ఉర్మియా చుట్టుపక్కల అస్సిరియన్ క్రైస్తవులు, ఆర్మేనియన్లు, అజరీలు కలిసి ఉండేవారు. వీధిలోకి అడుగుపెడితే చాలు, నాలుగు భాషలు వినిపించేవి. ఆ వాతావరణంలో పెరిగిన పిల్లాడికి ఇంగ్లిష్‌తో పాటు అక్కడి భాషలూ పట్టుబడ్డాయి. ఒకే జబ్బుకు ఒక్కో జాతి ఒక్కో వైద్యం చేసే నేల అది. ఆ బాల్యం ఆయన మనసులోంచి ఎప్పటికీ చెరగలేదని చివరి రోజుల్లో ఆయన చేసిన పని చెబుతుంది. దాని గురించి తర్వాత చూద్దాం.

టీనేజీలో కుటుంబంతో అమెరికా చేరిన విపుల్ 1904లో ప్రిన్స్‌టన్‌లో పట్టా పుచ్చుకున్నారు. 1908లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరుగా బయటికొచ్చారు. 1921లో అక్కడే సర్జరీ ప్రొఫెసరయ్యారు. 1946 దాకా పాతికేళ్లు ఆ విభాగాన్ని నడిపించారు.

అప్పటి పెద్ద సర్జన్లలో చాలామందికి తమ చేతివాటం మీదే ధీమా. విపుల్ తీరు వేరు. వేగం కంటే పద్ధతి ముఖ్యమని నమ్మినవారాయన. ప్లీహానికి సంబంధించిన జబ్బులున్నవాళ్ల కోసం ప్రత్యేకంగా క్లినిక్ పెట్టి, ఫిజీషియన్లు, సర్జన్లు, పాథాలజిస్టులు అంతా ఒకచోట కూర్చుని ఒకే రోగి గురించి మాట్లాడుకునేలా చేశారు. ఇవాళ క్యాన్సర్ ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు అంటున్నామే, ఆ ఆలోచన ఇలాంటిదే.

గర్భిణులున్న ప్రతి ఇంటికీ తెలిసిన ఇంకో పేరుకూ ఆయనతో సంబంధం ఉంది. పుట్టిన నిమిషంలోనే బిడ్డ పరిస్థితికి మార్కులు వేసే అప్గార్ స్కోరును 1952లో రూపొందించిన డాక్టర్ వర్జీనియా అప్గార్, సర్జరీలో విపుల్ శిష్యురాలు. మహిళా సర్జన్లకు బతుకుతెరువు కష్టమైన రోజులవి. పైగా మత్తుమందు శాస్త్రానికి తెలివైనవాళ్లు కావాలి. అందుకే ఆమెను సర్జరీ వదిలి అటు వెళ్లమని విపుల్ సలహా ఇచ్చారు. ఒక ఆడపిల్లను ఆమె కోరుకున్న దారి మాన్పించడం సబబేనా అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే. అయితే మంచి మత్తు డాక్టరు లేకపోతే పెద్ద ఆపరేషన్లు ముందుకు సాగవని ఆయన గ్రహించిన మాట మాత్రం వాస్తవం.

అంతకు ముందు వెళ్లినవాళ్లు

పైత్యనాళం చివరి గడ్డను తీయాలని చూసిన మొదటి మనిషి విపుల్ కాదు. 1898లో ఇటలీలోని ఇమోలాలో అలెస్సాండ్రో కోడివిల్లా క్లోమగ్రంథి తలను, పేగు మొదలును కలిపి తీశారు. నెల తిరగకముందే రోగి చనిపోయాడు. అదే ఏడాది అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ కాస్త తక్కువ కోశారు. పైత్యనాళం పేగులోకి తెరుచుకునే చోట ఉన్న గడ్డను మాత్రమే తొలగించి, నాళాలను మళ్లీ పేగుకు కుట్టారు. రోగి ఆపరేషన్ నుంచి కోలుకుంది గానీ గడ్డ తిరగబెట్టి నెలల్లోనే ప్రాణం తీసింది. 1909లో బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ ఇంకో ఉపాయం పన్నారు. ఆపరేషన్‌ను రెండు విడతలుగా విడగొట్టారు. మొదట పైత్యరసానికి పక్కదారి వేసి కామెర్లు తగ్గించారు. కొన్ని వారాలు ఆగి గడ్డను తీశారు. ఆ రోగి కొన్ని నెలలు బతికాడు.

అంటే ప్రాంతాన్ని బట్టి తేడా మొదటి రోజు నుంచే ఉంది. ఇటలీ ఎక్కువ కోసింది. అమెరికా తక్కువ కోసింది. జర్మనీ ఆగి కోసింది. ముగ్గురి లక్ష్యమూ ఒకటే. కానీ ఎవరి అనుభవం వారి పత్రికల్లో, వారి భాషలో ఉండిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంతో దేశాల మధ్య రాకపోకలూ తగ్గాయి. తర్వాత ఇరవై ఏళ్ల పాటు ఈ రంగంలో పెద్దగా కదలిక లేదు. చాలామంది సర్జన్లు గడ్డను ముట్టుకోకుండా పైత్యరసానికి పక్కదారి వేసి సరిపెట్టేవారు.

చనిపోయిన రోగి నేర్పిన పాఠం

1930ల మధ్యలో విపుల్ బృందం రంగంలోకి దిగింది. పైత్యనాళం, క్లోమనాళం కలిసి పేగులోకి తెరుచుకునే చోట క్యాన్సర్ ఉన్న రోగి. పేగు మొదలును, క్లోమగ్రంథి తలలో కొంత భాగాన్ని తీశారు. ఆపరేషన్ సజావుగానే సాగినట్టు కనిపించింది. కానీ రెండు రోజులైనా గడవకముందే రోగి చనిపోయింది.

అక్కడితో చాలామంది ఆగిపోయేవారు. విపుల్ మాత్రం కుట్లు ఎందుకు ఊడాయని వెతికారు. ఆ రోజుల్లో లోపలి కుట్లకు క్యాట్‌గట్ వాడేవారు. జంతువుల పేగుల నుంచి తీసిన దారమది. మాంసకృత్తులతో తయారైనది. క్లోమరసం చేసే పనే మాంసకృత్తులను అరిగించడం! అన్నంలో పప్పును అరిగించినట్టే అది కుట్లనూ అరిగించేసింది. కారణం తెలిశాక విరుగుడూ దొరికింది. తర్వాతి ఇద్దరికీ పట్టుదారంతో కుట్లు వేశారు. ఆపరేషన్‌ను కౌష్ మాదిరే రెండు విడతలుగా చేశారు. మొదటి విడతలో పైత్యరసానికి పక్కదారి. మూడు నాలుగు వారాల తర్వాత గడ్డ తొలగింపు. ఈసారి కుట్లు నిలిచాయి. ఇద్దరూ ఆపరేషన్‌ను తట్టుకున్నారు. ఒకరు రెండేళ్లకు పైగా బతికారు.

1935లో విపుల్, ఆయన సహచరులు పార్సన్స్, మల్లిన్స్ కలిసి ఈ ముగ్గురి వివరాలూ ఆనల్స్ ఆఫ్ సర్జరీ పత్రికలో ప్రచురించారు. గెలిచిన ఇద్దరి కథే చెప్పి ఊరుకోలేదు. చనిపోయిన తొలి రోగి వివరాలనూ, అందుకు కారణాన్నీ దాచకుండా రాశారు. ఈ ఆపరేషన్‌కు ఆయన పేరు స్థిరపడటానికి ఆ నిజాయతీ కూడా కారణమే. ఇతర దేశాల సర్జన్లు ఆ వ్యాసం చదివి అదే తప్పు మళ్లీ చేయకుండా ముందుకు వెళ్లగలిగారు. 1937లో చికాగోలో అలెగ్జాండర్ బ్రన్ష్‌విగ్ క్లోమగ్రంథి తల క్యాన్సర్‌కూ ఇదే దారి పట్టారు.

ఒక్కసారిగా ఒకే విడతలో

ఈలోగా డెన్మార్క్‌లో ఒక మలుపు. హెన్రిక్ డామ్ కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో రక్తం గడ్డకట్టించే విటమిన్ బయటపడింది. అదే విటమిన్-కె. 1930ల చివరికి అది కామెర్ల రోగులకు మందుగా అందింది. ఆపరేషన్‌కు ముందు ఇస్తే రక్తస్రావం భయం చాలావరకు తగ్గిపోయింది. 1943లో డామ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

1940 మార్చిలో అతిథి సర్జన్లు చూస్తుండగా విపుల్ ఒక ఆపరేషన్ మొదలుపెట్టారు. రోగికి జీర్ణాశయం చివర క్యాన్సర్ అని అనుమానం. కడుపు తెరిచి చూస్తే గడ్డ జీర్ణాశయంలో లేదు, క్లోమగ్రంథి తలలో ఉంది! అప్పటికే జీర్ణాశయాన్ని విడదీయడం జరిగిపోయింది. వెనక్కి వెళ్లే దారి లేదు. రోగికి కామెర్లూ లేవు. రెండు విడతల అవసరం ఏముంది? ఆయన అక్కడికక్కడే నిర్ణయించుకుని మొత్తం పని ఒకే విడతలో ముగించారు. తాను స్థాపించిన పద్ధతిని తానే మార్చేశారు. తర్వాతి ఏళ్లలో మరో మార్పు కూడా తెచ్చారు. మొదట్లో క్లోమనాళాన్ని కట్టేసి వదిలేసేవారు. ఇప్పుడు దాన్నీ పేగుకు కలపడం మొదలుపెట్టారు. ఇవాళ మనం చూసే విపుల్ ఆపరేషన్ రూపం ఇలా వచ్చింది. క్లోమగ్రంథి తల, పేగు మొదలు, పైత్యనాళం కింది భాగం, పిత్తాశయం, జీర్ణాశయంలో కొంత తీసేసి, క్లోమాన్ని, పైత్యనాళాన్ని, జీర్ణాశయాన్ని మూడు చోట్ల పేగుకు కలుపుతారు.

ప్రపంచమంతా ఆయన పేరు చెప్పుకునే ఈ ఆపరేషన్‌ను విపుల్ జీవితమంతా కలిపి చేసింది 37 సార్లే. నేడు పెద్ద కేంద్రాలు ఒక్క ఏడాదిలో అంతకంటే ఎక్కువ చేస్తున్నాయి.

ఆయన పోయాక తేడాలు పెరిగాయి

విపుల్ 1963 ఏప్రిల్‌లో, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రెండేళ్లకు, అంటే 1965లో అమెరికాలోని యేల్‌లో డాక్టర్ జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 13 మంది రోగుల వివరాలు ప్రచురించారు. పైత్యనాళాలు కలిసే కాలేయ ముఖద్వారం దగ్గరి గడ్డలవి. వాటికి ఆయన పేరే పడింది. అక్కడి నుంచి తూర్పు, పడమర దారులు స్పష్టంగా వేరయ్యాయి.

కింది గడ్డల సంగతి ముందు చూద్దాం. 1973లో న్యూయార్క్‌లో జోసెఫ్ ఫోర్ట్‌నర్ చుట్టుపక్కల రక్తనాళాలు, లింఫు గ్రంథులతో సహా విస్తారంగా తీసేయాలని ప్రతిపాదించారు. ఆ ఆలోచన పుట్టింది అమెరికాలో అయినా గట్టిగా పట్టుకున్నది జపాన్. 1980ల్లో అక్కడి సర్జన్లు క్యాన్సర్ కణం ఒక్కటి కూడా మిగలకూడదన్న పట్టుదలతో గ్రంథులను, నరాల చుట్టూ ఉన్న కణజాలాన్ని గీకి తీసేవారు. తమ ఫలితాలు మెరుగ్గా ఉన్నాయన్నారు. పాశ్చాత్యులు నమ్మలేదు. జపాన్‌లో రోగుల ఎంపిక, క్యాన్సర్ దశను లెక్కించే పద్ధతే వేరు కదా అన్నారు.

వాదనతో తేలదని పరీక్షలకు దిగారు. రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మామూలు ఆపరేషన్, మరో జట్టుకు విస్తృత ఆపరేషన్ చేసి చూశారు. 1998లో ఇటలీ, 2002లో జాన్స్ హాప్‌కిన్స్, 2005లో మేయో క్లినిక్ ఫలితాలు వచ్చాయి. 2012లో జపాన్ సర్జన్లే తమ ఫలితాలు ప్రకటించారు. అన్నిటి సారాంశం ఒకటే. ఎక్కువ కోసినంత మాత్రాన ఎక్కువ కాలం బతకలేదు. పైగా విరేచనాల బాధ పెరిగింది. తమ దేశపు పద్ధతి గెలవలేదని జపాన్ సర్జన్లే అచ్చులో ఒప్పుకోవడం విపుల్ చూపిన బాటే.

జీర్ణాశయం విషయంలోనూ తేడా వచ్చింది. 1944లో ఇంగ్లండ్‌లో, మళ్లీ 1978లో లాస్ ఏంజెలిస్‌లో సర్జన్లు జీర్ణాశయాన్ని, దాని చివరి కవాటాన్ని పూర్తిగా ఉంచేశారు. జపాన్‌లో మాత్రం కవాటాన్ని తీసేసి దాదాపు జీర్ణాశయమంతా ఉంచే పద్ధతికి ఆదరణ దక్కింది. దానివల్ల ఆపరేషన్ తర్వాత అన్నం దిగకపోవడం తగ్గుతుందని అక్కడి పరీక్షలో తేలింది. అదే ప్రశ్నను జర్మనీలో పరీక్షిస్తే తేడా కనిపించలేదు. రెండు దేశాల్లోని సర్జన్లూ సమర్థులే. జవాబు మాత్రం ఇంకా ఒక్కటి కాలేదు.

పైగడ్డ దగ్గర అసలు పరీక్ష

పైన కాలేయ ముఖద్వారం దగ్గరి గడ్డ కథ ఇంకా కష్టం. చాలాకాలం పాశ్చాత్య దేశాల్లో వీటిని తీయలేమని స్టెంటు వేసి వదిలేసేవారు. జపాన్‌లో, ముఖ్యంగా నగోయాలో, 1980ల నుంచి కాలేయంలో సగానికి పైగా భాగంతో కలిపి వీటిని తీయడం మొదలుపెట్టారు. కాలేయం వెనక చిన్న తమ్మె ఒకటుంటుంది. దాని నాళాలు సరిగ్గా గడ్డ దగ్గరే కలుస్తాయి. దాన్ని కూడా తీస్తేనే క్యాన్సర్ మిగలదని వారు చూపించారు.

ఇంత కాలేయం కోస్తే మిగిలింది సరిపోతుందా? ఇక్కడే జపాన్ సర్జన్లు ఓపిక పట్టారు. మొదట పైత్యరసాన్ని బయటికి తీసి కామెర్లు తగ్గిస్తారు. తర్వాత తీసేయబోయే కాలేయ భాగానికి వెళ్లే పోర్టల్ సిర కొమ్మను మూసేస్తారు. టోక్యోలో మసతోషి మకుచి 1980ల్లో అమల్లోకి తెచ్చిన పద్ధతి ఇది. అటు రక్తం ఆగిపోవడంతో మిగలబోయే భాగం వారాల్లో పెరుగుతుంది. అది చాలినంత పెరిగాకే కత్తి పడతారు. అలా నెలకు పైగా సాగే సన్నాహం. జపాన్‌లోని ప్రధాన కేంద్రాల్లో ఈ ఆపరేషన్ తర్వాత మరణాలు నూటికి ఐదు లోపే ఉంటున్నాయి. పాశ్చాత్య కేంద్రాల్లో పది అటూఇటుగా, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ నమోదయ్యాయి. సన్నాహం ఒక్కటే కారణం కాదు. అక్కడి రోగుల్లో ఊబకాయం తక్కువ. ఏళ్ల తరబడి ఒకే కేంద్రంలో పేరుకున్న అనుభవం ఉంది. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లోనూ పోర్టల్ సిరను మూసే పద్ధతి మామూలైపోయింది.

అమెరికా మరో దారి వెతుక్కుంది. కోసి తీయడానికి వీల్లేని పైగడ్డలకు, ఎంపిక చేసిన కొందరు రోగులకు మందులు, రేడియేషన్ ఇచ్చి కాలేయ మార్పిడి చేసే పద్ధతిని మేయో క్లినిక్ 1993లో మొదలుపెట్టింది. మరణించినవారి నుంచి సేకరించే కాలేయాలు జపాన్‌లో చాలా తక్కువ. అందువల్ల అక్కడ కోయడంలోనే నైపుణ్యం పెరిగింది. పద్ధతులు శాస్త్రంతో పాటు సమాజం ఇచ్చే వనరుల మీదా ఆధారపడతాయనడానికి ఇదో ఉదాహరణ.

జబ్బు తీరే ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఈశాన్య థాయిలాండ్‌లో నదుల చేపలను పచ్చిగా తినే అలవాటు ఉంది. వాటి ద్వారా వచ్చే కాలేయపు పురుగు పైత్యనాళ క్యాన్సర్‌ను పెంచుతోంది. మన దేశంలో గంగా మైదానంలో పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. ఎవరికి ఏది ఎక్కువగా ఎదురైతే అందులో వారి చెయ్యి తిరుగుతుంది.

విపుల్ మొదటి ఆలోచనకు ఏమైంది?

కామెర్లు తగ్గించి ఆ తర్వాతే కోయాలన్నది విపుల్ తొలి సూత్రం. అందరికీ అలా చేయాలా అని నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. క్లోమగ్రంథి తల గడ్డ వల్ల కామెర్లు వచ్చిన రోగుల్లో కొందరికి ముందు స్టెంటు వేశారు. కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. స్టెంటు వేసినవారిలో తీవ్రమైన ఇబ్బందులు నూటికి 74 మందికి, వెంటనే ఆపరేషన్ చేసినవారిలో 39 మందికి వచ్చాయి. స్టెంటు దారిలో ఇన్ఫెక్షన్ రావడమే ప్రధాన కారణం. అందుకే ఇప్పుడు కింది గడ్డకు అందరికీ స్టెంటు వేయరు. కామెర్లు మరీ ఎక్కువైనా, జ్వరం వచ్చినా, ముందు కీమో ఇవ్వాల్సి వచ్చినా, ఆపరేషన్ ఆలస్యమవుతున్నా వేస్తారు. పైగడ్డకు పెద్ద ఎత్తున కాలేయం కోయాల్సి వస్తే మాత్రం పైత్యరసాన్ని ముందు తీయడం ఇంకా అవసరమే. ఒకే సూత్రం, కింద వద్దన్నారు, పైన కావాలన్నారు. అందువల్ల పక్కింటాయనకు స్టెంటు వేశారు, మాకెందుకు వేయలేదని కంగారు పడాల్సిన పనిలేదు. గడ్డ ఎక్కడుందన్నది ముఖ్యం.

ఏ దేశమన్నది కాదు, ఏ బృందమన్నది ముఖ్యం

1970ల దాకా విపుల్ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి నలుగురిలో ఒకరు ఆసుపత్రిలోనే చనిపోయేవారు. దీన్ని మానేసి పక్కదారి వేసి ఊరుకోవడమే మేలని వాదించిన అమెరికన్ సర్జన్లూ ఉన్నారు. ఆ మాట తప్పని రుజువు చేసింది కొత్త కత్తి కాదు. పదేపదే ఇదే పని చేసే బృందాలు. 1993లో జాన్స్ హాప్‌కిన్స్‌లో జాన్ కామెరాన్ బృందం వరుసగా 145 మందికి ఈ ఆపరేషన్ చేసి ఒక్కరూ చనిపోలేదని ప్రకటించింది. నెదర్లాండ్స్ ఇంకో అడుగు వేసింది. ఏడాదికి కనీసం 20 చేయని ఆసుపత్రి ఈ ఆపరేషన్ జోలికి వెళ్లకూడదన్న నిబంధన పెట్టుకుంది. ఎందుకంటే కోయడం ఒక్కటే కాదు. మూడో రోజో ఐదో రోజో క్లోమరసం కారితే పసిగట్టే నర్సు, అర్ధరాత్రి రక్తస్రావమైతే ధమనిలోంచి వెళ్లి ఆపగల రేడియాలజిస్టు, ఐసీయూ, పాథాలజీ అన్నీ కలిస్తేనే రోగి ఇంటికొస్తాడు. ప్లీహం క్లినిక్‌లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టినప్పుడు విపుల్ చెప్పదలచుకున్నది ఇదే.

చివరికి మళ్లీ ఉర్మియాకే

కొలంబియా నుంచి రిటైరయ్యాక విపుల్ న్యూయార్క్‌లోని మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేశారు. బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయానికి తోడ్పడ్డారు. పుట్టిన నేల వైపు మనసు లాగింది. గ్రీకుల వైద్యాన్ని సిరియాక్‌లోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి తెచ్చిన నెస్టోరియన్ క్రైస్తవులు, దాన్ని పెంచి పోషించిన ముస్లిం వైద్యుల చరిత్రను తవ్వడం మొదలుపెట్టారు. ఉర్మియాలో ఆయన చిన్నప్పుడు ఆడుకున్న పిల్లల పూర్వికులే ఆ నెస్టోరియన్లు. ఆ పరిశోధన ఆయన పోయాక 1967లో పుస్తకంగా వచ్చింది. వైద్యం ఏ ఒక్క దేశం సొత్తూ కాదని, చేతులు మారుతూ మెరుగవుతుందని ఆయన జీవితం మొదలు నుంచి చివరి దాకా చెబుతూనే ఉంది. ఇటలీ, జర్మనీ సర్జన్లు వేసిన దారిలో ఆయన నడిచారు. ఆయన వేసిన దారిని జపాన్, నెదర్లాండ్స్ సరిదిద్దాయి.

ఇంటికి పనికొచ్చే మాట

మన ఇళ్లలో కామెర్లు అనగానే పసరు, పత్యం. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఘనత పసరుకు దక్కుతుంది. కానీ నాళానికి గడ్డ అడ్డుపడితే ఏ పసరూ దాన్ని కరిగించదు. ఎదురుచూసిన నెల రోజుల్లో తీయగలిగిన గడ్డ తీయలేనిదిగా మారవచ్చు.

• యాభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చినా, మలం తెల్లబడి ఒళ్లు దురద పెట్టినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం వద్దు.
• రక్తపరీక్షలతో పాటు కడుపు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. నాళాలు ఉబ్బి కనిపిస్తే తర్వాత సీటీ, ఎంఆర్‌ఐ అవసరమవుతాయి.
• వీలైతే స్టెంటు వేయకముందే స్కాన్లు పూర్తి చేయించుకోవాలి. స్టెంటు పడ్డాక గడ్డ హద్దులు స్పష్టంగా కనిపించకపోవచ్చు.
• సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి: గడ్డ పైనా, కిందా? ఈ ఆసుపత్రిలో ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? ముందు స్టెంటు ఎందుకు వేస్తున్నారు, లేదా ఎందుకు వేయడం లేదు? కాలేయం కోస్తే మిగిలేది సరిపోతుందా?
• రెండో డాక్టరు అభిప్రాయం వేరుగా ఉంటే ఇద్దరిలో ఒకరు తప్పని కాదు. వారి బడి వేరు కావచ్చు. తేడాకు కారణం అడిగి తెలుసుకోండి.

ఇంకో మాట. విపుల్ డిసీజ్ అనే పేగు జబ్బుకూ, 1934లో రక్తహీనత పరిశోధనకు వచ్చిన నోబెల్ బహుమతికీ ఈ విపుల్‌తో సంబంధం లేదు. అవి జార్జ్ విపుల్‌వి. క్లోమంలోని ఇన్సులిన్ గడ్డను గుర్తించడానికి వాడే విపుల్స్ ట్రయాడ్ మాత్రం మన ఆలెన్ విపుల్‌దే. ఆకలి మీద ఉన్నప్పుడు చక్కెర పడిపోయిన లక్షణాలు కనిపించడం, ఆ సమయంలో రక్తంలో చక్కెర నిజంగానే తక్కువగా ఉండటం, గ్లూకోజు ఇవ్వగానే తేరుకోవడం. ఈ మూడూ ఉంటే ఆ గడ్డ కోసం వెతకాలని ఆయన నేర్పారు.